ఖాళీ గది నిమిషం

"ఆరెందుకమ్మా? రెండు పట్టుకుపో," అంది అత్తయ్య, తన దుప్పటి అంచు మాత్రం వదలకుండా.

"గోడలకి రెండు చాలవత్తయ్యా."

"గోడలకి కూడా చలేస్తోందా ఇప్పుడు?"

"చలి కాదు నానమ్మా," అంది నా కూతురు. తన దుప్పటిని ముందే చుట్టచుట్టి మంచం కింద తోసేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడింది. "పాట గోడకి కొట్టుకుని వెనక్కొస్తుందట. రాకుండా కడతారు."

"వస్తే రానీ. మీ నాన్న గొంతు ఈ ఇంట్లో ఒకసారి వినపడితేనే గొప్ప. అక్కడ రెండుసార్లు వినపడితే ఎవరి సొమ్ము పోయింది?"

పొద్దున టీ దగ్గర మొదలైన ఈ గొడవ మధ్యాహ్నం భోజనాలు దాటినా తెమల్లేదు. అప్పటికి నాలుగు దుప్పట్లు వ్యాన్‌లోకి చేరాయి. అయిదోది నాకూ అత్తయ్యకీ మధ్య తాడులాగుడు ఆటలా సాగుతోంది. మా ఆయన చెప్పులు తొడుక్కుని, మౌతార్గన్ల పెట్టె చంకలో ఇరికించుకుని, ఎవరో పక్కింటివాళ్ళ పోట్లాట చూస్తున్నట్టు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నువ్వు చెప్పరా. నీ పెళ్ళాం నన్ను ఉత్త మంచం మీద పడుకోమంటోంది."

"తన ఇష్టం అమ్మా," అన్నారు ఆయన.

అత్తయ్య టక్కున దుప్పటి వదిలేసింది. నేను రెండడుగులు వెనక్కి తూలి, బీరువాకి ఆనుకుని నిలదొక్కుకున్నాను. "తన ఇష్టమట. అదీ ఒక జవాబేనా?" అని కొడుకుని తిట్టుకుంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. దుప్పటి నా చేతిలో ఉంది. గెలిచిన సంతోషం మాత్రం ఎక్కడా లేదు.

ఆ ఏడు వానాకాలం మా ఇంట్లో అలా మొదలైంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఎత్తైన భవనాల నడిమధ్య, జనం కంట పడని నిలువు గొయ్యిలో, ఇనప తాళ్ళ మధ్య ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చి చేతులకి అంటిన నల్ల గ్రీజు కడుక్కుని, పెట్టింది తిని, కిటికీ దగ్గర కూర్చుంటారు. కోపం ఉండదు, అలక ఉండదు. అడిగితే పలుకుతారు. అడగడం మానేసి చూశాను ఒకసారి. ఆయన తేడా గమనించలేదు.

ఆ మనిషే ఆదివారం మధ్యాహ్నాలు పాడతారంటే కొత్తవాళ్ళు నమ్మరు. టైర్ల షాపు వెనక గోడౌన్‌లో నలుగురు కలిసి బ్లూస్ వాయిస్తారు. బ్లూస్ అంటే దిగులు పాట. ఒక మాట అంటారు, అదే మాట ఇంకోసారి అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. రాగం ఎక్కడెక్కడిదో, మాటలు మాత్రం వీళ్ళు కూర్చుకున్నవే. డ్రమ్స్ టైర్ల షాపాయన. టైర్లు ఎత్తి ఎత్తి చేతులు దుంగల్లా ఉంటాయి, ఆ చేతులతో తాళం మాత్రం పసిపిల్లని జోకొట్టినట్టు వేస్తాడు. గిటారు లెక్కల మాస్టారు. రెండు గిటార్లలో లావు తీగలది, బేస్ అంటారు దాన్ని, పళ్ళ డాక్టరుది. ఆయన ఎదట నవ్వాలంటే మాకు భయం, నవ్వు చూడకుండా పళ్ళు చూస్తాడు.

ఏళ్ళ తరబడి వాయిస్తున్నా వాళ్ళ పాట వాళ్ళెప్పుడూ వినలేదు. ఆ వానాకాలం అయ్యాక గోడౌన్ పడగొడతారని తెలిసింది. "పోయేలోగా మేం వాయించామన్న సాక్ష్యం ఒకటి ఉండాలి వదినా," అని టైర్లాయన వచ్చి అడిగాడు. నేను ఇరవై ఏళ్ళు రేడియో స్టేషన్‌లో రికార్డింగ్ చేసినదాన్ని. స్టేషన్ మూసేసిన రోజు మా చీఫ్ ఇంజినీరుగారు పాత రికార్డరూ, రెండు మైకులూ నా చేతిలో పెట్టి, "ఇవి తుక్కులో వెయ్యడానికి నాకు మనసు రావడంలేదమ్మా, నువ్వుంచు," అన్నారు. అప్పట్నుంచీ అవి అటక మీదే ఉన్నాయి. నేను కింద ఉన్నాను.

*

గోడౌన్ నిండా రబ్బరు వాసన. మూడు వైపులా టైర్లు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. నాలుగో వైపు ఉత్త గోడ, పైన రేకులు. దుప్పట్లు మేకులకి తగిలించి, మైకులు నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అన్నాను: "ముందు ఒక నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. కదలొద్దు."

"ఎందుకు చెల్లెమ్మా, ఎవరైనా పోయారా?" అన్నారు మాస్టారు.

పోయినవాళ్ళ కోసం కాదని చెప్పాను. ప్రతి గదికీ దాని మౌనం ఉంటుంది. మనం నోరు మూసుకున్నాక కూడా గది ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. రికార్డింగులో ఎక్కడైనా దగ్గో తుమ్మో కోసేస్తే కన్నం పడుతుంది. ఆ కన్నంలో అదే గది మౌనాన్ని పెట్టి కుట్టాలి. లేకపోతే వింటున్నవాళ్ళకి మెట్టు ఉందనుకుని గాల్లో కాలేసినట్టు ఉంటుంది. స్టేషన్‌లో దాన్ని ఖాళీ గది నిమిషం అనేవాళ్ళం. నేను అరచెయ్యి ఎత్తితే మొదలు, దించితే ఆఖరు. చెయ్యి పైకి ఉన్నంతసేపూ వార్తలు చదివే పెద్దాయనైనా సరే, గొంతులో కిచ్‌కిచ్ ఉన్నా మింగాల్సిందే.

చెయ్యెత్తాను. మాస్టారి బూటు కిర్రుమంది. మళ్ళీ మొదలుపెట్టాను. టైర్లాయన కడుపు గుర్రుమంది, డాక్టరు నవ్వాడు. మూడోసారి అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. సగం అయ్యేసరికి టక్, టక్, టక్. మా ఆయన మడమ నేల మీద తాళం వేస్తోంది.

"ఏమండీ!"

"నేనా? నేనేం చేశాను?"

"కాలు."

"ఓహో." మళ్ళీ చెయ్యెత్తితే ఈసారి గొంతు సవరించుకున్నారు. ఇంట్లో గంటల తరబడి పెదవి విప్పని మనిషి అక్కడ ఒక్క నిమిషం ఊరుకోలేకపోయారు. నాకు నవ్వొచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో నా నవ్వు నాకే వినిపించింది, పొరుగామె ఎవరో నవ్వినట్టు.

"మా ఆవిడ కూడా ఇంత గట్టిగా నా నోరు మూయించలేదు వదినా," అన్నాడు టైర్లాయన. చివరికి నలుగురినీ బయటికి పంపేసి, తలుపు వేసుకుని, ఒక్కదాన్నే ఆ నిమిషం రికార్డు చేసుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పద్ధతి అయింది. వాన చప్పుడు, గాలి, అన్నీ రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి ఏ రోజు మౌనం ఆ రోజుదే కావాలి. వాళ్ళు వాయించడం అవగానే "మేడమ్‌గారి నిమిషం వచ్చింది, పదండ్రా," అంటూ టీలకి వెళ్ళేవాళ్ళు.

టీ తెచ్చేది టైర్లాయన భార్య. పెద్ద కూజాతో తలుపు పక్కన నిలబడి ఒక పాట మొత్తం విని, నా చెవిలో గొణిగింది.

"ఏ పాట చూసినా మనం వదిలేసి వెళ్ళిపోతూనే ఉంటాం కదా వదినా? ఈ మహానుభావుల్ని వదిలేసి మనం ఎప్పుడు వెళ్ళాం? వెళ్తే నాకు గుర్తుండదా?"

"పాట కోసం పంపిస్తారు మనల్ని," అన్నాను.

"పాటలో వెళ్ళిపోయినదానికేమో ఏడుపు. ఇంట్లో ఉన్నదానికి, చొక్కా గుండీ ఊడిందని మాట." అని, నవ్వు ఆపుకోలేక కూజా మూత పడేసింది. ఆ చప్పుడు మంచి పాట ఒకటి పాడు చేసింది. మళ్ళీ వాయించారు.

*

ఆ మొదటి ఆదివారమే, తిరిగొస్తూ వ్యాన్‌లో చెప్పాను ఆయనతో.

వారం క్రితం చీఫ్ ఫోన్ చేశారు. రేవు పట్టణంలో పాత రికార్డింగులు భద్రం చేసే సంస్థ ఒకటి పెట్టారట. గదుల నిండా టేపులు. ఎవరెవరివో గొంతులు, పడవవాళ్ళ పాటలు, ఇప్పుడు ఎవరూ మాట్లాడని యాసలు. చెమ్మకి బూజు పట్టి పోతున్నాయట. "వాటిని ముట్టుకోవడం తెలిసినవాళ్ళు నాకు కనపడటంలేదు. నువ్వొస్తావా? వానలు వెళ్ళేలోపు చెప్పు," అన్నారు. రైల్లో అరపూట ప్రయాణం. అక్కడే ఉండాలి. సెలవులకి ఇంటికి రావచ్చు.

ఇదంతా చెప్పాను. వైపర్లు అద్దం మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగాం.

"నీ ఇష్టం," అన్నారు.

పచ్చ దీపం వెలిగింది. వ్యాన్ కదిలింది.

మాటలు కత్తిరించడం నా వృత్తి. ఆ ఒక్క మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో నాకు తెలుసు. మొదటి అక్షరం మీద ఒత్తితే కోపం. చివర సాగదీస్తే అలక. చిన్న ఊపిరితో కలిపి అంటే, నువ్వేం చేసినా నాకు సమ్మతమే అని. ఆయన అన్నది వీటిలో ఏదీ కాదు. కూర వేడిచేయనా అంటే వచ్చే జవాబు. ఇల్లు చేరేదాకా ఆ మాటని మనసులో వెనక్కీ ముందుకీ తిప్పి విన్నాను. ఏమీ దొరకలేదు.

ఉండు అంటే ఉండిపోయేదాన్ని. వెళ్ళు అంటే, బహుశా, వెళ్ళేదాన్నేమో. అత్తయ్యకీ, అమ్మాయికీ చెప్పలేదు. ఆయన నోటి నుంచి రెండింట్లో ఒక మాట వచ్చాక చెబుదామనుకున్నాను. వానలు వెళ్ళడానికి చాలా రోజులున్నాయిలే అనుకున్నాను.

*

వానలు జోరందుకున్నాయి. రేకుల మీద చినుకులు పెద్దవైతే వాయించడం ఆపాల్సిందే. ఆగినప్పుడు నలుగురూ టైర్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేవారు. రికార్డరు ఆపడం ఒక్కోసారి మర్చిపోయేదాన్ని. మా ఆయన అక్కడ కథలు చెప్పేవారు! లిఫ్టులో ఇరుక్కుపోయిన పెళ్ళికొడుకు కథ, తలుపు తెరిచేసరికి కుక్కతో సహా నిద్రపోతున్న ముసలావిడ కథ. టైర్లాయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను హెడ్‌ఫోన్స్ తియ్యకుండా వినేదాన్ని. ఆ పెళ్ళికొడుకు సంగతి పోయిన ఏడాది జరిగిందట. పోయిన ఏడాదంతా నేను ఆయన ఎదురుగా కూర్చునే తిన్నాను.

అలాగని నాతో మాట్లాడలేదని కాదు. గోడౌన్‌లో నాతోనూ మాట్లాడేవారు.

"ఇంజినీరమ్మా, ఇందాకటిది ఎలా ఉంది?"

"మైకుకి మరీ దగ్గరగా ఉన్నారు. అడుగు వెనక్కి."

"ఇలాగా?"

"ఇంకొంచెం. గెడ్డం దించండి. మూడో వరుసలో మాట మింగేస్తున్నారు."

"మింగడంలేదు, అది పాటలో బాధ."

"బాధ వినపడాలంటే మాట వినపడాలిగా."

"చూడండి మాస్టారూ, ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి ఇక్కడ నన్ను ఎలా దులిపేస్తోందో!"

నాకు నోట్లో నాలుక లేదని ఆయన అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది. నవ్వాను. అందరూ నవ్వారు. ఆయన అడుగు వెనక్కి వేసి, గెడ్డం దించి, మళ్ళీ పాడారు. ఈసారి మూడో వరుస నిండుగా వచ్చింది. పాట అవగానే నా వైపు చూశారు, అందరికన్నా ముందు. నేను బాగుందని బొటనవేలు ఎత్తాను. ఆ చూపు కోసం నేను తర్వాతి ఆదివారం దాకా ఎదురుచూసేదాన్నంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది.

పక్కన పడుకునే మనిషి ఊపిరి నాకు మైకులోంచి కొత్తగా తెలిసింది. పాట ఎత్తుకునే ముందు ఆయన ముక్కుతో కాక నోటితో గాలి తీసుకుంటారు. పెదవులు విడివడేటప్పుడు తడి కాగితం ఊడినట్టు చిన్న చప్పుడు. ఆ వెంటనే మాట. నేను కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను, ఇదిగో ఇప్పుడు మొదలుపెడతారని.

తిరుగు ప్రయాణంలో మాత్రం వ్యాన్ తలుపులు పడగానే ఇద్దరం మామూలే. ఒకసారి నేనే కదిపాను.

"ఆ కథ నాకెప్పుడూ చెప్పలేదు మీరు. పెళ్ళికొడుకుది."

"చెప్పలేదా?" గేరు మార్చి, "అక్కడ మాటల్లో వచ్చింది," అన్నారు.

ఇంట్లో మాటల్లో రావడానికి మాటలేవి? అనలేదు నేను. నాకూ రాలేదు. అదే బాధ. గోడౌన్‌లో గెడ్డం దించమని అధికారంగా చెప్పిన నోరు, మా వీధి మలుపు తిరగ్గానే మూసుకుపోయేది. ఆయన్ని అనడం దేనికి?

వారం మధ్యలో, అందరూ బయటికెళ్ళి ఇల్లు ఖాళీ అయ్యాక, భోజనాల బల్ల మీద రికార్డరు పెట్టుకుని పని చేసేదాన్ని. ఒక్కో పాటా రెండు మూడుసార్లు వాయించింది ఉండేది. ఏది ఉంచాలో అడిగాను ఒక సాయంత్రం.

"మీ పాట. రెండోసారి పాడింది శుభ్రంగా ఉంది. మొదటిసారిది కొంచెం గరుకు, కానీ ప్రాణం ఉంది. ఏది పెట్టమంటారు?"

ఆయన కిటికీ వైపు చూస్తూ, "నీ ఇష్టం," అన్నారు.

అదే మాట. వ్యాన్‌లో అన్నట్టే. నేను హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకున్నాను.

*

ఆఖరి ఆదివారం నాటికి వాన పలచబడింది. గోడౌన్‌లో టైర్లు సగం తరలించేశారు. ఆ ఖాళీకి గొంతులు వేరేగా మోగుతున్నాయి. మిగిలింది ఒక్క పాట. మా ఆయన ఎప్పుడో రాసుకున్నది.

*తలుపు తీసి వెళ్ళింది, వేసి వెళ్ళలేదు.*
*తలుపు తీసి వెళ్ళింది, వేసి వెళ్ళలేదు.*
*చలిగాలి లోపలికొచ్చి నా కుర్చీలో కూర్చుంది.*

అన్ని ఆదివారాలూ ఏదో ఒకటి అడ్డొచ్చి అది కుదరలేదు. ఆ రోజు మొదటిసారికే కుదిరింది. టైర్లాయన తాళం అంత మెల్లగా వెయ్యడం నేనెప్పుడూ వినలేదు. మాస్టారు నోట్లో లెక్కపెట్టడం మర్చిపోయారు. ఆఖరి వరుస అయ్యాక మౌతార్గన్ సన్నగా సాగి సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

"ఇంతే కదా?" అన్నాడు డాక్టరు చివరికి.

"ఇంతే," అన్నారు మాస్టారు. గిటారుని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టి, చుట్టలేక పక్కన పెట్టేశారు. "పదండి, టీ తాగుదాం. చెల్లెమ్మ నిమిషం."

ముగ్గురూ వెళ్ళారు. మా ఆయన వెళ్ళలేదు. మిగిలిన టైర్ల మీద కూర్చుని, మౌతార్గన్‌ని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"మీరు వెళ్ళరా?"

"నువ్వు కానీ. కదలనులే."

నేను తలుపు దగ్గరికి వేసి వచ్చి, మీట నొక్కి, ఉన్నది ఆయనొక్కరే కదా అని చెయ్యి ఎత్తకుండానే ఒక క్షణం ఆయన్ని చూశాను. చెప్పినట్టే కదల్లేదు. మడమ కూడా. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దించుకుని వినడం మొదలుపెట్టాను.

రేకు చివరినుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. దుప్పటి ఒకటి గాలికి గోడని రాసుకుంది. దూరంగా బయట టైర్లాయన గొంతు, మాటలు తెలియవు. దగ్గరగా, చాలా దగ్గరగా, ఆయన ఊపిరి. నిదానంగా ఉంది. ఆ మౌనం ఇంట్లో మౌనంలా లేదు. దాంట్లో ఇద్దరం ఉన్నాం.

అప్పుడు పెదవులు విడివడిన చప్పుడు వినిపించింది. నోటితో తీసుకున్న గాలి.

నా అరచెయ్యి లేచింది.

నేను ఎత్తలేదు. అదే లేచింది. ఇరవై ఏళ్ళు అలవాటైన చెయ్యి. తలెత్తేసరికి ఆయన నోరు సగం తెరుచుకుని, నా చేతిని చూస్తూ ఉన్నారు. తర్వాత మూసుకున్నారు. చిన్నగా తలూపారు కూడా, పొరపాటైంది అన్నట్టు.

నిమిషం పూర్తయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. మీట నొక్కి ఆపాను.

"ఏదో అనబోయారు."

"ఆఁ, ఏం లేదు. దగ్గొచ్చింది."

"దగ్గు కాదు. ఇప్పుడనండి."

ఆయన మౌతార్గన్‌ని పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ పెట్టె కొక్కెం సరిగ్గా పడదు, రెండుసార్లు నొక్కాలి. నొక్కారు.

"బాగా వచ్చిందా?" అన్నారు.

"వచ్చింది."

"మరింకేం," అని లేచి, దుప్పట్లు ఒక్కొక్కటీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టారు. నేను రెండో కొస పట్టుకున్నాను. దగ్గరికి వెళ్ళి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి వెళ్ళి, అన్నీ మడతపెట్టాం.

*

మర్నాడు ఆ నిమిషాన్ని భోజనాల బల్ల దగ్గర విన్నాను. చుక్క చప్పుడు, దుప్పటి రాపిడి, ఆ ఊపిరి, ఆ తర్వాత ఏమీ లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. పాట ఎత్తుకునే ముందు తీసే ఊపిరే, సందేహం లేదు. దాని వెనక ఏ మాట ఉందో ఎంత చప్పుడు పెంచినా వినపడదు. ఉండు అన్నదా? వెళ్ళు అన్నదా? వ్యాన్‌లో పెట్రోలు ఉందా అన్నదేమో కూడా.

కానీ నన్ను కుర్చీలో కూలేసింది అది కాదు. ఆ ఊపిరి వినపడ్డ క్షణంలో నాకు మొదట తట్టినది, రికార్డింగు పాడవుతుందని. చెయ్యి లేచాక, ఆయన నోరు మూసుకున్నాక, నాలో మొదట కలిగినది హమ్మయ్య. వానాకాలమంతా ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాననుకున్న మనిషిని నేను. ఆ మాట పెదవి దాకా వస్తే చెయ్యి అడ్డంపెట్టాను. ఆలోచించి పెట్టి ఉంటే మనసుకి ఏదో ఒకటి సర్దిచెప్పుకునేదాన్నే. ఆలోచించలేదు.

పాటలో మాస్టారి కుర్చీ కిర్రుమన్నచోట కోసి, ఆ నిమిషంలోంచి శుభ్రమైన ముక్క తీసి కుట్టాను. అతుకు ఎక్కడో నాకే తెలియనంత బాగా వచ్చింది. చాలాకాలం తర్వాత చేతులకి పని తెలిసింది.

హెడ్‌ఫోన్స్ తీసి, చీఫ్‌కి ఫోన్ చేశాను.

"చెమ్మ ఎక్కువగా ఉందా అక్కడ?" అని అడిగాను ముందు.

"గోడలు కారుతున్నాయమ్మా. ముందు టేపుల్ని పై అంతస్తుకి ఎక్కించాలి. వస్తున్నావా?"

"వస్తున్నానండీ."

ఫోన్ పెట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా ఊపిరి నాకు వినిపించింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా కుళాయి తిప్పి కాసేపు నీళ్ళ చప్పుడు విన్నాను.

*

రెండు రోజుల తర్వాత పాటలన్నీ పూర్తయ్యాయి. సాయంత్రం భోజనాలయ్యాక అమ్మాయి, "పెట్టమ్మా, విందాం," అని పట్టుబట్టింది. బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. అత్తయ్య చెవి దగ్గరికి స్పీకరు జరుపుకుంది.

మూడు పాటలు వరసగా సాగాయి. ఆ తర్వాత అత్తయ్య అంది, "వీడికి ఇంత గొంతుందని నాకే తెలీదు. చిన్నప్పుడు పాలవాడికి కూడా వినపడేది కాదు."

"నానమ్మా, ష్!"

"ష్ ఏమిటే, నా కొడుకు పాటకి నేను ష్ అనాలా?"

ఆయన గోడ మీద పిల్లి వంక చూసినట్టు స్పీకరు వంక చూస్తున్నారు. తన గొంతు తను వినడం కష్టం, కొత్తలో ఎవరికైనా. తలుపు పాట వచ్చినప్పుడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకుని, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నారు.

పాటలు అయిపోయాయి. అమ్మాయి చప్పట్లు కొట్టింది. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇందులో నీదేదమ్మాయ్?" అంది నాతో.

"నాదేం ఉంటుందత్తయ్యా? నేను పాడలేదుగా."

"వారాల తరబడి చేశావు కదా. ఎక్కడో ఒకచోట ఉండాలి."

"వినపడకుండా ఉంటేనే నా పని బాగున్నట్టు," అన్నాను. అత్తయ్యకి ఆ జవాబు నచ్చలేదు, మూతి ముడిచింది. నేను రికార్డరు వైరు చుట్టి పక్కన పెట్టాను. ఇంక ఆపితే మళ్ళీ చెప్పలేననిపించింది.

"నాకు రేవు పట్టణంలో ఉద్యోగం వచ్చింది. పాత టేపులు బాగుచేసే పని. వస్తానని చెప్పేశాను. వచ్చే సోమవారం వెళ్తున్నాను."

గట్టిగా అనలేదు. కాగితాలు ఇచ్చి వార్తలు చదవమంటే చదివేవాళ్ళలా, ఒక్క తీరులో అన్నాను.

అమ్మాయి నోరు తెరిచి, తండ్రి వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "రోజూ వెళ్ళొస్తావా అమ్మా?"

"కుదరదురా. అక్కడే ఉంటాను. సెలవులకి వస్తాను."

"మరి..." అని ఆగిపోయింది. మరి ఏమిటో తనకీ తెలియలేదు. బల్ల కింద నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు.

అత్తయ్య కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "వాడితో చెప్పావా?"

"చెప్పానత్తయ్యా. వానలు మొదలైనప్పుడే."

"ఏమన్నాడు?"

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నేనేం అనలేదమ్మా," అన్నారు ఆయన.

ఆవిడ కొడుకు వంక చాలాసేపు చూసింది. ఆయన తల దించుకోలేదు. గ్లాసు కింద తడి గుండ్రంగా పడితే, దాన్ని బొటనవేలితో మెల్లగా చెరిపేశారు.

అత్తయ్య నా వైపు తిరిగింది.

"రైలు ఎన్నింటికి?" అంది.

"పొద్దున్నే, అత్తయ్యా," అన్నాను.